ముల్లు ఇరుక్కున్న ఆదివారం

మా చిన్నమామయ్య కట్టుడు పళ్ళు చేస్తాడు. పళ్ళ డాక్టర్లు రోగుల నోటి అచ్చులు పంపిస్తారు, ఈయన సెట్లు చేసి తిరిగి పంపిస్తాడు. ఊళ్ళో చాలామంది పెద్దవాళ్ళు నవ్వగలుగుతున్నది తన తమ్ముడి చేతి చలవేనని మా అమ్మ గొప్పగా చెప్పుకుంటుంది. మామయ్య మాత్రం ఒకరిద్దరిని తప్ప వాళ్ళెవరి ముఖమూ ఎరగడు. ఎక్కడైనా ఒక ముసలాయన నోరారా నవ్వుతుంటే అక్కడే ఆగిపోయి, పైవరస కాస్త ముందుకొచ్చిందని గొణుక్కుంటాడు.

ఇంటి ముందుగదే ఆయన పనిగది. కిటికీ కింద పొడవాటి బల్ల, దాని మీద స్పిరిట్ దీపం, మైనం కత్తులు, అరగదీసే మోటారు. గోడల నిండా అరలు, అరల నిండా తెల్లటి ప్లాస్టర్ దవడలు. ఆదివారం మధ్యాహ్నాలు మేం నలుగురం ఆ గదిలో చేరి జాజ్ రికార్డులు వినేవాళ్ళం. నలుగురమే అయినా సభ నిండుగా ఉండేది. మా అభిప్రాయాలకు నోరెళ్ళబెట్టి చూసే శ్రోతలు అరల్లో కావలసినంతమంది.

మామయ్యకు ఈ పిచ్చి పట్టింది కూడా పళ్ళ మూలంగానే. చాలాకాలం కిందట ఒక హోటల్ బ్యాండులో ట్రంపెట్ ఊదే పెద్దాయన ముందుపళ్ళు పోగొట్టుకుని, డాక్టర్లను నమ్మక, నేరుగా ఈయన దగ్గరికే వచ్చాడట. ట్రంపెట్ ఊదాలంటే పెదవి వెనక పన్ను గోడలా నిలబడాలి. మొదటి సెట్టు పెట్టుకుని ఊదితే ట్రంపెట్‌లోంచి గాలి, నోట్లోంచి పళ్ళు ఒకేసారి బయటికొచ్చాయి. మామయ్య మళ్ళీ చేశాడు, మళ్ళీ ఊడింది. ఎన్నోసారికో స్వరం నిలిచింది, పళ్ళూ నిలిచాయి. ఆ పెద్దాయన సంతోషం పట్టలేక తన రికార్డు ప్లేయరూ, ఒక కట్ట రికార్డులూ ఇచ్చి వెళ్ళాడు. అది పాతకాలపు చెక్కపెట్టె. పైన రికార్డు తిరుగుతుంది, దాని గాళ్ళలో ముల్లు నడుస్తుంది, స్పీకరు కూడా ఆ పెట్టెలోనే ఉంటుంది. ఎక్కడ కావాలంటే అక్కడికి చంకలో పెట్టుకుపోవచ్చు.

ఇక నా సంగతి. నేను పార్సెళ్ళ గోడౌన్‌లో చిరునామాలు చదివి మూటలు విడదీసే పని చేస్తాను. అంటే చదువుతో కూడుకున్న ఉద్యోగమే. కాలేజీ మధ్యలో మానేసి, పాత పుస్తకాల కొట్లో చేతికి దొరికినవన్నీ చదివి నాకు నేనే గురువునయ్యాను. గురువుకు తగ్గ శిష్యుడు, శిష్యుడికి తగ్గ గురువు. గోడౌన్‌లో నన్ను ప్రొఫెసర్ అనేవాళ్ళు. వెక్కిరింపని తెలిసీ పలికేవాణ్ణి, ఎందుకంటే నిజంగా అలా పిలిచేవాళ్ళు వస్తారన్న ఆశ లేదు. లోకం నాకు అన్యాయం చేసిందని గట్టి నమ్మకం ఉండేది. ఏం అన్యాయమని ఎవరైనా అడిగితే మాత్రం కాస్త గడువు కావలసి వచ్చేది. జాజ్ నాకు నచ్చింది అందుకే. మా గోడౌన్‌లో దాన్ని ఎవరూ వినరు. అందులో నాకు మొట్టమొదట వినిపించిన గొప్పతనం అదే.

మిగిలిన ఇద్దరిలో ఒకావిడ కళ్ళజోళ్ళ దుకాణం నడుపుతుంది. అద్దాల మేడమ్ అంటాం. ఎవరి ముఖం చూసినా ఏ ఫ్రేము నప్పుతుందో మనసులో పెట్టి చూసుకుంటుంది కాబట్టి ఆవిడ తదేకంగా చూస్తోందంటే మన మాటలు నచ్చాయని అనుకోకూడదు. నేను చాలాకాలం అనుకున్నాను. రెండో ఆయన బీమా ఏజెంటు. ఏ రికార్డు పెట్టినా అది ఏ గదిలో తీశారో, ఆ రోజు డ్రమ్ములాయనకు జలుబు చేసిందో లేదో చెప్పకుండా ఉండలేడు. ఆయన వెనక మేం ఫుట్‌నోట్ గారు అనేవాళ్ళం. ఆ పేరు పెట్టింది నేనే. ఇన్నాళ్ళ నా చదువులో లోకానికి పనికొచ్చింది అదొక్కటే.

మా సభకు కొన్ని నియమాలు ఉండేవి. వారానికొకరు తమకు ఇష్టమైన రికార్డు తేవాలి. అట్ట కనిపించకుండా దిండు గలీబులో పెట్టి తేవాలి. పేరు చూస్తే చెవులు మూతపడతాయని మామయ్య సిద్ధాంతం. ముల్లు ముట్టుకునే హక్కు ఆయనొక్కడిదే. ముల్లు దిగిందంటే మళ్ళీ లేచేదాకా ఎవరూ నోరెత్తకూడదు, కుర్చీలోంచి లేవకూడదు. అయ్యాక, వయసులో చిన్నవాడితో మొదలుపెట్టి ఒక్కొక్కరూ తాము ఏం విన్నారో చెప్పాలి. అందరూ చెప్పాకే అట్ట గలీబులోంచి బయటికొస్తుంది.

చిన్నవాణ్ణి నేనే. ముందు మాట నాదే. అందుకని బస్సులోనే ఒక వాక్యం తయారుచేసుకుని వచ్చేవాణ్ణి. రికార్డు ఏదైనా సరే, ఒంటరితనం మీద ఒకటి, నగరం మీద ఒకటి సిద్ధంగా ఉండేవి. వినడం మొదలుపెట్టాక ఏది అతుకుతుందో చూసుకోవడమే నా సంగీత జ్ఞానం.

మామయ్య చివర్లో మాట్లాడేవాడు. అదీ రెండు మూడు మాటలు, చాలా మెల్లగా. బాగుంది, లోతుగా ఉంది, అనేవాడు. ఆ మెల్లటి గొంతులో నాకు ఎంతో నిండుతనం వినిపించేది. ఇంట్లో నేనూ అలా మాట్లాడబోతే, గొంతు పోయిందా అని మా అమ్మ ఉప్పునీళ్ళు పుక్కిలించమంది. ఈమధ్య రికార్డుల్లో అడుగున మోగే బేస్ వాద్యం ఎవడూ సరిగ్గా పట్టడం లేదని మామయ్య తరచు విసుక్కునేవాడు. నేను ఆ మాటను మా సూపర్‌వైజరు దగ్గర నా మాటగా చెప్పాను. ఆయన టిఫిన్ డబ్బా మూత పెట్టుకుని అవతలి బల్లకు వెళ్ళిపోయాడు.

ఆ ఆదివారం రికార్డు తెచ్చే వంతు మామయ్యది. పాత సామాన్ల కొట్లో దొరికిందట. గలీబులోంచి తీసి, గుడ్డతో తుడిచి, ముల్లు దించి కళ్ళు మూసుకున్నాడు. శాక్సోఫోన్ ఒకటి నెమ్మదిగా మొదలైంది. వెనక బేస్ అడుగులో అడుగు వేసుకుంటూ వస్తోంది. బాగానే ఉంది. కాసేపయ్యాక శాక్సోఫోన్ మూడు స్వరాలు పలికింది. మళ్ళీ ఆ మూడే పలికింది. మళ్ళీ ఆ మూడే.

మొదట నాకు చిన్న అనుమానం వచ్చింది. ఫుట్‌నోట్ గారి వైపు చూశాను. ఆయన గడ్డం కింద చెయ్యి పెట్టుకుని తల పంకిస్తున్నాడు. మేడమ్ వైపు చూశాను. ఆవిడ కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకుంది. మామయ్య కళ్ళు తెరవలేదు, కాలితో తాళం వేస్తున్నాడు. ఆ తాళానికీ ఆ మూడు స్వరాలకూ పొత్తు లేదు. అదే నన్ను పడగొట్టింది. మనకు అందని లెక్క ఏదో ఈయనకు అందుతోందనుకున్నాను. మూడు స్వరాలు తిరుగుతూనే ఉన్నాయి. నా అనుమానం సిగ్గుగా మారింది, సిగ్గు గౌరవంగా మారింది. ఇంతటి ధైర్యమున్న వాయిద్యగాడు ఎవరబ్బా అని ఆశ్చర్యపోతూ, బస్సులో తెచ్చుకున్న వాక్యాన్ని పక్కనపెట్టి కొత్తది అల్లడం మొదలుపెట్టాను.

చివరికి మామయ్య కళ్ళు తెరిచాడు. ముల్లు రికార్డు మధ్యలోనే ఉండటం చూశాడు. ఒక్క క్షణం దాన్నే చూసి, గబుక్కున ఎత్తేసి, ఊఁ చెప్పండి అన్నాడు.

నేను చెప్పాను. మనిషి నిజంగా చెప్పదలుచుకున్న మాట ఒక్కటే ఉంటుందనీ, జీవితమంతా దాన్నే తిప్పి తిప్పి చెబుతాడనీ, ఈయన మాత్రం తిప్పకుండా చెప్పాడనీ అన్నాను. ఫుట్‌నోట్ గారు నన్ను మొదటిసారి మెచ్చుకున్నాడు. ఆ కాలంలో ఇలా ఒకే పలుకును పట్టుకుని వాయించే గుంపు ఒకటి ఉండేదనీ, వాళ్ళు ప్రేక్షకులు లేచిపోయేదాకా ఆపేవాళ్ళు కాదనీ చెప్పాడు. ఊపిరాడలేదు బాబూ, అంది మేడమ్ నాతో. మామయ్య మా ముగ్గురి నోళ్ళవైపూ మార్చి మార్చి చూస్తూ తలూపాడు.

అప్పుడు మా అత్తయ్య టీ పళ్ళెంతో వచ్చింది. ఆవిడ బట్టల దుకాణంలో ఆల్టరేషన్ కౌంటర్ చూస్తుంది, మిగిలిపోయిన పని ఆదివారం ఇంటికి తెచ్చుకుంటుంది. మెడలో టేపు అలాగే ఉంది.

“తీసేశారా ఆ ఇరుక్కున్న ముల్లు? నేను లోపల రెండు ప్యాంట్ల కాళ్ళు మడిచి కుట్టేశాను, అది అక్కడే కొట్టుకుంటోంది. ఇంతమంది కూచుని ఒక్కరికీ లేచి తియ్యాలనిపించలేదా?”

అరల్లోని దవడలకు నవ్వడానికి ఇంతకన్నా మంచి సందర్భం రాదనిపించింది. ముందు మేడమ్ నవ్వింది, కళ్ళు తుడుచుకునేంతగా నవ్వింది. ఫుట్‌నోట్ గారు కాస్త తేరుకుని, ఇరుక్కుంటే ఇరుక్కుంది గానీ మంచి చోట ఇరుక్కుంది అన్నాడు. ఆయన ఆడలేక మద్దెల ఓడన్న రకం కాదు, మద్దెల పగిలినా అదొక తాళమనే రకం. నా చెవులు కాలిపోతున్నాయి. అలవాటు కొద్దీ ఈ అవమానానికి కూడా లోకాన్నే తిట్టుకుంటున్నాను.

ఆ నవ్వుల మధ్య మామయ్య అత్తయ్యను మెల్లగా అడిగాడు.

“ఎక్కడ ఇరుక్కుంది?”

ఫుట్‌నోట్ గారు దాన్ని కూడా హాస్యమనుకుని ఇంకోసారి నవ్వాడు. అత్తయ్య నవ్వలేదు. పళ్ళెం బల్ల మీద పెట్టి, ఆయన కప్పు ఆయన చేతికే అందించి లోపలికి వెళ్ళిపోయింది. అర్థం కావలసింది ఆ ఒక్క మాటలోనే ఉంది. నాకు అర్థం కాలేదు. నేను నా వాక్యం గురించి బాధపడుతున్నాను.

మరుసటి వారం సభ లేదని కబురు వచ్చింది, మోటారు బాగుచేయించాలట. ఆ తరువాతి వారం ప్లాస్టర్ బస్తాలు దించుతున్నారట. ఆ పైన, వచ్చి ప్లేయరూ రికార్డులూ పట్టుకుపొమ్మని అమ్మ చేత చెప్పించాడు. నా తెలివితక్కువ మాటలు విని విరక్తి పుట్టి సభ మూసేశాడని నేను నిర్ణయించుకున్నాను. ఒక మనిషి తనకెంతో ప్రాణమైనదాన్ని వదులుకుంటున్నాడంటే కారణం నేనే అయ్యుండాలి కదా.

వెళ్ళేసరికి ముందుగదిలో మోటారు మోగుతోంది. అత్తయ్య నన్ను వంటింట్లోకి లాక్కెళ్ళి తలుపు దగ్గరగా వేసింది. ఆయనకు చాలాకాలంగా వినికిడి తగ్గుతోందని చెప్పింది. చెవి లోపలి చిన్న ఎముక బిగుసుకుపోయిందట. లోపలి నరం బాగానే ఉంది, తలుపే తెరుచుకోవడం లేదు అన్నాడట చెవి డాక్టరు. ఆపరేషన్ చేస్తే బాగుపడవచ్చు, ఉన్నది కూడా పోవచ్చు. వద్దన్నాడు. చెవికి యంత్రం పెట్టుకుని చూశాడు, మాటలు పరవాలేదు, సంగీతం మాత్రం రేకు డబ్బాలో గులకరాళ్ళు ఆడించినట్టు ఉందని సొరుగులో పడేశాడు. ముందుగా పోయింది బరువైన స్వరాలట.

అంటే బేస్. రికార్డుల్లో దాన్ని ఎవడూ సరిగ్గా పట్టడం లేదన్న మాటను నేను ఎక్కడెక్కడ వాడుకున్నానో గుర్తు చేసుకుంటూ నిలబడ్డాను. ఆయన మెల్లగా మాట్లాడటం కూడా ఈ జబ్బు లక్షణమేనట. బయటివి అందకపోగా తన గొంతు తనకే పెద్దగా వినపడుతుందట. నేను జబ్బును అనుకరించి ఉప్పునీళ్ళు పుక్కిలించాను.

“మరి మాకెందుకు చెప్పలేదు అత్తయ్యా?”

“చెబితే మీరంతా జాలిపడి గట్టిగా మాట్లాడతారట. ఏదో కాస్త వినపడుతోంది కదా, నెట్టుకొద్దామనుకున్నాడు. ఆ రోజు ముల్లు ఇరుక్కున్నాక, వినపడకుండా తలూపడం దొంగతనం అన్నాడురా నాతో. ఆదివారం కోసమే వారమంతా ఆ బల్ల దగ్గర వంగి కూచునేవాడు, ఇప్పుడు ఆదివారం కూడా పళ్ళే అరగదీస్తున్నాడు.”

ముందుగదిలోకి వెళ్ళాను. నన్ను చూసి కూడా ఆయన మోటారు ఆపలేదు. అది మోగుతుంటే ఎదుటివాళ్ళు వాళ్ళంతట వాళ్ళే అరిచి మాట్లాడతారని నాకు అప్పుడు తట్టింది. ప్లేయర్ మూత మూసి, తాడు కట్టడానికి సిద్ధంగా ఉంది.

“తీసుకెళ్ళరా. కుర్ర చెవులు. నీ దగ్గరుంటే వాడతావు.”

చెప్పవలసిన మాటలు చాలా ఉన్నాయి. పుస్తకాలు అన్ని చదివింది ఇలాంటప్పుడు అక్కరకొస్తాయనే. నేను మాత్రం, పనిచేస్తోందో లేదో ఒకసారి చూసుకుంటాను అన్నాను, కొట్లో టార్చిలైటు కొనేవాడిలా. మూత తెరిచి, పైనున్న రికార్డు ఒకటి పెట్టి ముల్లు దించాను. ఆయన హక్కును ముట్టుకున్నానన్న సంగతి కూడా తోచలేదు.

మామయ్య చేస్తున్న పని ఆపి, ప్లేయర్ కరెంటు తీగ ఊడదీయడానికి బల్ల మీదుగా వంగాడు. రెండు చేతులూ ఖాళీ కావలసి వచ్చినప్పుడు మైనం కత్తి పిడిని పళ్ళ మధ్య కరిచి పట్టుకోవడం ఆయనకు అలవాటు. వంగేసరికి కత్తి మొన ప్లేయర్ చెక్కకు ఆనింది. మనిషి అలాగే బిగుసుకుపోయాడు. కళ్ళు పెద్దవయ్యాయి. నేను కరెంటు కొట్టిందనుకుని ఒక్క గెంతు గెంతి స్విచ్చి ఆపేశాను. ఆ చూపు నేను జన్మలో మరిచిపోను. పళ్ళ మధ్య కత్తితోనే చేత్తో సైగ చేశాడు, పెట్టమని. మళ్ళీ పెట్టాను. కత్తి మొనను చెక్కకు గట్టిగా ఆనించి, బల్ల మీద వాలి, కదలకుండా ఉండిపోయాడు. రికార్డు ఆ వైపు అయిపోయాక కత్తి తీసి అన్నాడు.

“బేస్ ఉందిరా.”

ఉందన్నాను. ఎప్పుడూ ఉంది అనబోయి, మొదటిసారి నా నోరు నేను మూసుకున్నాను.

చెవి తలుపు తెరుచుకోకపోతే స్వరం పళ్ళ నుంచి ఎముక దారిన లోపలికి పోతోందన్నమాట. డాక్టరు మాట మాకప్పుడు అర్థమైంది. ఆ వారం డాక్టర్ల సెట్లన్నీ వెనకబడ్డాయి. మామయ్య తన నోటి అచ్చు తానే తీసుకుని, దాన్నిబట్టి పళ్ళకు పట్టుకునే గులాబిరంగు ప్లేటు ఒకటి పోసి, ముందు ఒక ఉక్కు కడ్డీ బిగించాడు. ఇన్నేళ్ళలో తన కోసం చేసుకున్న మొదటి వస్తువు అదే. కడ్డీ సన్నగా ఉంటే తుమ్మెద దూరినట్టు జుమ్మంటోందని పారేశాడు, లావుదైతే దవడ నొప్పెట్టిందని కోశాడు. అత్తయ్య గుమ్మంలో నిలబడి ఇదంతా చూస్తూ నన్ను పిలిచింది.

“చూశావా ప్రొఫెసర్? చెవిటివాడి ముందు శంఖం ఊదితే, ఎందుకలా కొరుకుతున్నావు అన్నాడట. ఇక్కడ ఊదేవాడు ఊదుతుంటే మీ మామయ్యే కొరుకుతున్నాడు.”

ఆమె నవ్వుతూనే అంది. టేపు కొసతో కళ్ళు ఒత్తుకుంది.

ఆదివారం సభ పెట్టాం. మామయ్య అందరికీ తానే చెప్పాడు, ఒక్క ముక్కలో, బీమా ఏజెంటుకు చెప్పడానికి సిగ్గుపడాల్సిన జబ్బేం కాదని కూడా కలిపి. మేడమ్ ఆయన ముఖంలోకి తదేకంగా చూసింది. ఈసారి ఫ్రేము కోసం కాదేమో. ఫుట్‌నోట్ గారు కడ్డీని పరీక్షించి, పూర్వం ఇలా కొరికి విన్న గుంపు ఒకటి ఉండేదని మొదలుపెట్టి, మేం ముగ్గురం చూస్తున్న చూపుకు ఆగిపోయాడు.

రికార్డు తెచ్చే వంతు నాది. నా దగ్గరున్న వాటిలో నాకు ప్రాణమైనది తెచ్చాను. పియానో, బేస్, డ్రమ్ములు, అంతే. ఇదివరకు రెండుసార్లు మామయ్యకు వినిపించాను. రెండుసార్లూ లోతుగా ఉంది అన్నాడు. ఆ మాట పట్టుకునే నేను ఆ ఏడాదంతా గోడౌన్‌లో తల ఎత్తుకుని తిరిగాను. ఇప్పుడు బేస్ కూడా వింటాడు కదా, ఇక ఏం అంటాడో అనుకుంటూ గలీబు ఒళ్ళో పెట్టుకుని కూచున్నాను.

ఆయన ముల్లు దించి, ప్లేటు నోట్లో పెట్టుకుని, కడ్డీని చెక్కకు ఆనించి పెట్టె మీదికి వంగాడు. చూడటానికి ప్లేయర్‌కు ముద్దు పెడుతున్నట్టు ఉంది. నోరు తెరుచుకునే ఉంటుంది కాబట్టి గడ్డం మీదుగా చొంగ కారుతోంది. అత్తయ్య పక్కన నిలబడి, కుట్టుపనిలో మిగిలిన గుడ్డముక్కతో తుడుస్తోంది. మేం ముగ్గురం నవ్వు ఆపుకోవడానికి అరల్లోని దవడల వైపు చూశాం. అక్కడ ఉపశమనం దొరకదని చూశాక తెలిసింది.

రికార్డు అయిపోయింది. ఆయన ముల్లు ఎత్తి, ప్లేటు తీసి, గుడ్డతో మూతి తుడుచుకున్నాడు. నియమం ప్రకారం ముందు మాట్లాడవలసింది నేను. మాట్లాడాను. ఏదో నగరం గురించి. మేడమ్ చెప్పింది, ఫుట్‌నోట్ గారు చెప్పాడు. అందరూ కాస్త గట్టిగానే చెప్పారు. ఆయన విని, కాసేపు ప్లేటు అరచేతిలో పెట్టుకుని చూశాడు.

“నాకు నచ్చలేదురా” అన్నాడు.

నేను మళ్ళీ చెప్పమన్నాను, వినపడనట్టు.

“బాలేదంటున్నా. ఆ డ్రమ్ములవాడికి పియానో మీద ఏదో పాత కోపం ఉంది. బేస్ వాడు ఇద్దరికీ సర్ది చెప్పలేక చస్తున్నాడు. ఇన్నాళ్ళూ దీన్నేనా నువ్వు మోసుకు తిరిగింది?”

ఆ ఒక్క ముక్కకు నాకు ఒళ్ళు మండిపోయింది. ఆయనకు వినికిడి వచ్చినందుకు సంతోషించవలసిన చోట, రావలసిన రోజు ఇది కాదనిపించింది. ఆ కోపమే ఆ రికార్డు గొప్పతనమనీ, తగువు లేని చోట సంగీతం ఉండదనీ, పళ్ళతో విన్నవాడికి పియానో సున్నితత్వం ఏం తెలుస్తుందనీ గట్టిగా అరిచాను. ఫుట్‌నోట్ గారు కంగారుపడి మా మధ్యకు వచ్చాడు. మామయ్య ముఖం వెలిగిపోతోంది. చాలాకాలం తరువాత ఆయనతో ఎవరో జాలి లేకుండా పోట్లాడుతున్నారు.

“ఆగు, ఎక్కడ బాలేదో చూపిస్తా” అని ముల్లు మళ్ళీ దించి, ప్లేటు నోట్లో పెట్టుకుని కడ్డీ ఆనించాడు. నేను వాదన ఆపలేదు. ఆయన ఒక వేలు పైకెత్తి, డ్రమ్ములు పియానో మీద పడిన ప్రతిచోటా నాకేసి ఆడిస్తున్నాడు. నా మాటలు ఒక్కటీ ఆయన చెవికి పోవడం లేదని తెలుసు. అయినా ఆ వైపు పూర్తయ్యేదాకా చెబుతూనే ఉన్నాను.